ముప్పై ఒకటో వారం

మొయినాబాద్,
10-7-2000, సోమవారం.

అక్కా,

బస్సెక్కితే ముప్పావుగంటలో వచ్చే చేవెళ్లకు ఉత్తరమేమిటని నవ్వకు. ఇవాళ డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసింది. గర్భసంచికి వేసిన కుట్టు ఉన్నచోటే ఉన్నదట. కానీ దాన్ని నమ్ముకుని తిరగడానికి లేదట. కాన్పు దాకా మంచం దిగవద్దు, మెట్లు అసలే వద్దు అన్నది. మేము పైభాగంలో కిరాయికి ఉన్నాం, ఫోనేమో కింద ఇంటామె శకుంతలమ్మ హాల్లో ఉన్నది. మధ్యలో పద్దెనిమిది మెట్లు. మీ అత్తమ్మ పక్షవాతంతో పడి ఉన్నదాన్ని వదిలి నువ్వు రాలేవు. మనకు అవ్వా బాపూ లేరు, సందీప్‌కూ తల్లి లేదు. పగలు శకుంతలమ్మే పైకి వచ్చి నాకు అన్నం పెట్టిపోతున్నది. ఇక మిగిలింది ఉత్తరమే.

నాకు భయంగా ఉన్నదక్కా. పోయినసారి ఆరో నెల పడకముందే పోయినప్పుడు నాకు ముందుగా ఏ నొప్పీ తెలియలేదు. అందుకే ఇప్పుడు ఏమీ తెలియకపోయినా భయమే, ఏదైనా తెలిసినా భయమే.

సందీప్ పొద్దున ఏడున్నరకు పోతే రాత్రి తొమ్మిదికి వస్తాడు. వాళ్ళ హైటెక్ సిటీలో రోజుకో కొత్త కంపెనీ పుడుతున్నదట, మనుషులు చాలడం లేదట. వస్తూ వస్తూ ఇంటర్నెట్ నుంచి ఒక కాగితం అచ్చుతీసి తెస్తాడు. ఈ వారం బిడ్డ ఎంత ఉంటుంది, ఏమేం జరగవచ్చు అని. పాపం ప్రేమతోనే తెస్తాడు. కానీ ఆ ‘ఏమేం జరగవచ్చు’ చదివాక నాకు ముద్ద దిగదు. ఈ వారం బిడ్డ వంకాయంత ఉంటుందట. ఏ వంకాయ? గుత్తి వంకాయా, పొడుగు వంకాయా? అది మాత్రం రాయలేదు.

నాకు కొత్తగట్టు గోపాలం సారు కావాలి. వారపత్రికలో వచ్చిన ఆయన సీరియల్ ‘తోడల్లుడు తప్పిపోయాడు’ను బాపు వారం వారం చింపి దాచి, దబ్బనంతో కుట్టి బైండు చేశాడు చూడు, అది పంపించు. అందులోని మన మల్లినాథం బావగారిని చూసి చాలా రోజులైంది. అంత పిరికిమనిషి పక్కన ఉంటే నేనే ధైర్యవంతురాలిలా కనిపిస్తాను.

నాకిది ఇరవై ఆరో వారం. ముప్పై నాలుగు దాటితే చాలు, బిడ్డను కాపాడుకోవచ్చని డాక్టరమ్మ మాట.

పైకప్పు చూస్తూ పడి ఉన్న నీ చెల్లెలు,
అశ్విని.


చేవెళ్ల,
13-7-2000.

మంచం మహారాణి గారికి,

ముందుగా ఆ ఇంటర్నెట్ కాగితాలు శకుంతలమ్మకిచ్చి పొయ్యిలో పెట్టించు. మా మరిదికి నేను చెప్పానని చెప్పు. ప్రేముంటే మల్లెపూలు తేవాలి గానీ భయాలు అచ్చుతీసి తెస్తారా ఎవరైనా?

బైండు మొత్తం పంపను. పంపితే ఒక్క రోజులో మింగేస్తావు. తరువాత మళ్ళీ పైకప్పే. నువ్వు ఆ కథ ఇరవైసార్లు చదివినదానివి, మొదటి నుంచి అక్కర లేదు. నీకు ఇరవై ఆరో వారమైతే కథ కూడా ఇరవై ఆరో వారం నుంచే మొదలు. వారానికొక వారం. డాక్టరమ్మ వారాలు లెక్కపెట్టినట్టే గోపాలం సారు కూడా లెక్కపెడతాడు. అది ముప్పై ఎనిమిది వారాల కథ. నువ్వు ఆ చివరిదాకా నాతో రావాలి. చెల్లెలుగా కాదు, మా ఆరో తరగతి పిల్లవనుకుని చెబుతున్నాను.

బ్లేడుతో బాపు కుట్టు విప్పి ఆ పేజీలు తీశాను. మన కుర్మయ్య అన్న కూరగాయల టెంపో రోజూ మీ ఇంటి ముందు నుంచే మెహిదీపట్నం రైతుబజారుకు పోతుంది. పోయేటప్పుడు ఇచ్చిపోతాడు, వచ్చేటప్పుడు నీ ఉత్తరం తెస్తాడు. టమాటాలతో పాటు మల్లినాథం బావను కూడా దింపుతాడు, పట్టుకో.

కుర్మయ్య అన్న అడిగాడు: “గీ కాయితాలల్ల ఏమున్నది టీచరమ్మా, మందు చీటీలా?” అవునన్నాను.

మల్లినాథం మాట గుర్తుందా? భయం వేసినప్పుడల్లా గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఏమంటాడు? ‘ముందు కూర్చుందాం. భయం సంగతి తరువాత చూద్దాం.’ నువ్వు పడుకుని అను.

కోపం ఎక్కువా ప్రేమ ఎక్కువా తెలియని
వనిత అక్క.


మొయినాబాద్,
25-7-2000.

అక్కా,

కుట్టు విప్పానని అంత తేలిగ్గా రాశావేమే! నాకు ఇక్కడ లోపల కుట్టు వేసి దేవుడా దేవుడా అంటుంటే, నువ్వక్కడ బ్లేడు పట్టుకుని బాపు కుట్టు విప్పుతున్నావు. చదివి ఆ పూటంతా ఒక్క పక్కకే పడుకున్నాను, కదిలితే ఏమవుతుందోనని. ఇకమీద పేజీలు తీస్తే తియ్యి, నాకు చెప్పకు.

అయినా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది చదివాను. పెళ్ళివారింట్లో తనను వంటవాడి సహాయకుడనుకుని రెండు గంపల గుమ్మడికాయలు ముందు పడేస్తే, ‘నేను ఈ ఇంటి పెద్దల్లుడిని’ అని చెప్పడానికి మొహమాటపడి, ఆ గుమ్మడికాయలన్నీ తరిగి, ఆఖరికి ముక్కలు పెద్దవయ్యాయని తిట్లు తింటాడు చూడు, అక్కడ నవ్వు ఆగలేదు. నవ్వాక భయం వేసింది. కుట్టు మీద నవ్వితే ఏమన్నా అవుతుందా? డాక్టరమ్మను అడగాలంటే సిగ్గు. నువ్వే చెప్పు.

కుర్మయ్య అన్న పైకి వచ్చి వాకిట్లో నిలబడి, ఏం రాసి ఉన్నదో చెప్పమన్నాడు. గుమ్మడికాయల సంగతి చెప్పాను. “గంత మొగమాటమైతే ఎట్ల బతుకుతడు ఆయన?” అని బాధపడి, నాకొక గుమ్మడికాయ ఇచ్చిపోయాడు. ఇప్పుడు రైతుబజారులో కూడా ఆ కథ చెబుతున్నాడట.

ఇంటాయన అంతయ్య పొద్దంతా బాల్కనీలో నిలబడి రోడ్డు మీద పోయే కార్లు లెక్కపెడుతున్నాడు. ప్రతి కారులోనూ భూమి కొనేవాళ్ళే ఉన్నారని ఆయన నమ్మకం.

ఒక మాట. ఇంకో మూడు వారాల్లో ముప్పై ఒకటి వస్తుంది. మన బైండులో ముప్పై తరువాత నేరుగా ముప్పై రెండే కదా. మల్లినాథాన్ని ధాన్యపు గదిలో పెట్టి తలుపు మూసిన చోట ముప్పై అయిపోతుంది. ముప్పై రెండులో పందిట్లో కూర్చుని లడ్డూలు తింటుంటాడు, తల నిండా ఊక. ఎట్లా బయటపడ్డాడో మనింట్లో ఎవరికీ తెలియదు. అన్నం తినేటప్పుడు తలా ఒక కథ అల్లేవాళ్ళం. బాపు చెప్పిన ఎలుక కన్నం కథే నాకు ఇష్టం. ఆ వారం పత్రిక ఏమైందక్కా? నువ్వు పెద్దదానివి, నీకు తెలియాలి.

ఇరవై ఎనిమిది దాటబోతున్న,
అశ్విని.


చేవెళ్ల,
28-7-2000.

అశ్వినీ,

నవ్వు. నవ్వితే కుట్లు ఊడవు. మా స్కూలు పక్క దవాఖాన నర్సమ్మను అడిగే రాస్తున్నాను. దగ్గు, తుమ్ము, నవ్వు మూడూ నీ ఇష్టం.

ఆ వారం పత్రిక సంగతి ఇప్పుడెందుకు? వానకు తడిసిందో, ఎవరన్నా పట్టుకుపోయారో. ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట. నువ్వు ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా లేదా అది చెప్పు. పాలు తాగుతున్నావా? సందీప్ ఏమి వండిపెడుతున్నాడు? మ్యాగీ అని మాత్రం రాయకు.

ఈ వారం మా అత్తమ్మ కుడిచెయ్యి కొంచెం కదిలించింది. కదిలించగానే మొదట చేసిన పని నా మీద గ్లాసు విసరడం. ఆరోగ్యం కుదురుతున్నదని సంతోషపడ్డాను.

ఇరవై తొమ్మిది పంపుతున్నాను. ఎట్లా తీశానో చెప్పడం లేదు.

వనిత అక్క.


చేవెళ్ల,
9-8-2000.

అశ్వినీ,

నీ దగ్గర నుంచి పది రోజులుగా రెండు ముక్కల చీటీలే వస్తున్నాయి. అలిగావా, ఆయాసమా? మొన్న చీటీలో ‘ముప్పై ఒకటి నిజంగా లేదా, నాకు చెప్పకుండా తీసేశారా’ అని రాశావు. లేనిదాన్ని ఎక్కడి నుంచి తేను?

స్కూలులో జెండా పండుగ పనులతో నాకు ఊపిరి ఆడడం లేదు. వచ్చేవారం మళ్ళీ కట్ట కట్టే తీరిక ఉంటుందో లేదో, అందుకే ముప్పై, ముప్పై రెండు కలిపి పంపుతున్నాను. ఎటూ మధ్యది లేదు కదా. రెండూ ఒకేసారి చదువుకుని హాయిగా ఉండు.

మీ బావ వ్యవసాయశాఖ శిక్షణకని జగిత్యాల పోయాడు. శుక్రవారం పద్దెనిమిదిన వస్తాడు. ఆయన రాగానే అత్తమ్మను అప్పగించి ఆ ఆదివారం నేనే వస్తాను. ఏమి తినాలని ఉన్నదో రాయి.

వనిత అక్క.


మొయినాబాద్,
14-8-2000, సోమవారం.

అక్కా,

ఇవాళ్టితో నాకు ముప్పై ఒకటో వారం మొదలైంది. నువ్వేమో ముప్పై, ముప్పై రెండు కలిపి పంపి, మధ్యది మాయం చేశావు. ఆ వారాన్ని నేను ఎట్లా దాటాలి? దుంకి దాటాలా?

నేను అలగలేదు. నిన్న ఆలూరు నుంచి అంతమ్మ చిన్నమ్మ చూడడానికి వచ్చింది. మంచం మీద ఈ పాత పేజీలు చూసి, ఇవి మీ బాపు కుట్టినవే కదా అన్నది. అవును చిన్నమ్మా, ఒక్క వారం మాత్రం లేదు అన్నాను. ఆమె ఏదో ఆలోచనలో ఉన్నదానిలా అన్నది: “ఆ వారం యాడుంటది బిడ్డా. ఆ వారమే గద మీ అవ్వకు నెలలు నిండకముందే కాన్పయ్యింది. పిడికెడంత పిల్ల. బతకదనుకున్నం అందరం.” అని చప్పున నాలుక కరుచుకున్నది. ఎంత అడిగినా ఒకటే మాట: “మీ అవ్వ నాతోని ఒట్టేయించుకున్నది, నీకు చెప్పొద్దని. జర మరిచిపో బిడ్డా, నా బస్సు పోతది” అని తొక్కుడు లడ్డూల డబ్బా అక్కడే పెట్టి లేచిపోయింది.

నేను పేజీల అడుగున తేదీలు చూశాను. ముప్పై 29-10-1976. ముప్పై రెండు 12-11-1976. అంటే ఆ మధ్య వారం నవంబరు అయిదు. నేను 1975 జూలైలో పుట్టాను. అప్పటికి నాకు పదహారు నెలలు. అంటే నా వెనుక ఒక చెల్లెలు పుట్టింది. ముందుగా పుట్టి పోయింది. అవ్వా బాపూ నువ్వూ అందరూ దాచారు.

నువ్వు ఎందుకు మాట తప్పించావో ఇప్పుడు అర్థమైంది. అవ్వకు అట్లా అయింది, నాకు మొదటిది అట్లా అయింది, ఇదీ అంతేనా? డాక్టరమ్మ మీ ఇంట్లో ఎవరికైనా ముందుగా కాన్పు అయిందా అని అడిగినప్పుడు లేదని చెప్పాను. అబద్ధం చెప్పించావు నాతో.

పొద్దుటి నుంచి నడుము పట్టేసినట్టు ఉన్నది. మల్లినాథం మాట చెప్పకు. కూర్చున్నా భయమే, పడుకున్నా భయమే.

అశ్విని.


చేవెళ్ల,
16-8-2000, బుధవారం.

అశ్వినీ, నా తల్లీ,

ఇవాళ పొద్దున కుర్మయ్య అన్న టెంపో మా పక్క దవాఖాన ముందు ఆపి నేరుగా మా స్కూలుకు వచ్చాడు. చేతిలో నీ ఉత్తరం ఉన్నది. “చెల్లెమ్మ ఇంటికి తాళమున్నది టీచరమ్మా. మొన్న సాయంత్రమే నొప్పులొచ్చినయట. మెహిదీపట్నం దవాఖానకు తీస్కపోయిన్రట. గీ ఉత్తరం ఇంటామె ఇచ్చింది” అన్నాడు. మెట్లు దిగేటప్పుడు సందీప్, అంతయ్య కలిసి నిన్ను కుర్చీతో సహా మోశారట. అప్పటికప్పుడు హెడ్‌మాస్టర్ గారి గదిలో నుంచి ఫోను చేసి సందీప్‌తో మాట్లాడాను. నొప్పులు ఆపడానికి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారని, బిడ్డ ఊపిరితిత్తులకు సూది వేశారని, ఇప్పటికైతే ఆగాయని చెప్పాడు. ఇప్పటికైతే అన్న మాటను పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎదురుగా పిల్లలకు కూడికలు ఇచ్చాను. ఏమి కూడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి. కుర్మయ్య అన్న బయట ఇంజను ఆపకుండా కూర్చున్నాడు, నీ చేతిలోనే పెడతానని.

నా తెలివి తెల్లారినట్టే ఉన్నది. నిన్ను భయపెట్టకూడదని దాచి, ఇంతకింత భయపెట్టాను. అవ్వ నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను. ఏమన్నా అయితే నాకే కానీ.

ఆ పిడికెడంత పిల్ల చనిపోలేదు. ఆ పిల్ల నువ్వే.

నువ్వు జూలైలో పుట్టలేదు. నిన్ను బడిలో వేసేటప్పుడు నీకు అయిదేళ్ళు నిండలేదు. నువ్వేమో నా వెంట వస్తానని రోజూ ఏడుపు. బాపు తీసుకుపోతే మన ముడిమ్యాల బడి సారు నీ మొహం చూసి, ఒకటో తారీకు జూలై డెబ్బై అయిదు అని తనకు తోచింది రాసుకున్నాడు. మనూరిలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు, ఆ సారు పుణ్యమా అని. నువ్వు పుట్టింది 1976 నవంబరు అయిదు, శుక్రవారం. వారపత్రిక వచ్చే రోజు.

నాకప్పుడు పదేళ్ళు. మధ్యాహ్నం నుంచే తుఫాను వాన. అవ్వకు ఎనిమిదో నెల పడి నాలుగు రోజులు కూడా కాలేదు, నొప్పులు మొదలయ్యాయి. చేవెళ్ల దవాఖానకు తీసుకుపోదామంటే వాగు దాటే దారి లేదు. వాగు పొంగకముందే దాటి బాపు సైకిలు మీద తడిసి ముద్దై వచ్చాడు. తాను తడిసినా చొక్కా లోపల దాచిన పత్రిక తడవలేదు. మంత్రసాని మైసమ్మ లోపల ఉన్నది. నేను గడపలో ఏడుస్తున్నాను. అవ్వ లోపలి నుంచి ఏమన్నదో తెలుసా? “గా మల్లినాథం ఏమైండే? సదువు, జల్ది సదువు. గీ భయం నాతోని కాదు.”

గడపలో కూర్చుని కందిలి వెలుగులో ముప్పై ఒకటో వారం గట్టిగా చదివాను. అవును, నేను చదివాను. ఇన్నేళ్ళు మీ అందరితో పాటు కథలు అల్లాను గానీ, అసలు కథ నాకు తెలుసు. బాపుకూ తెలుసు. తెలుసని చెబితే ఆ పత్రిక ఏదని నువ్వు అడుగుతావు. అడిగితే ఆ రోజు సంగతంతా చెప్పాలి. అందుకే ఎలుక కన్నాలు, కిటికీ చువ్వలు.

ఇప్పుడు విను. ధాన్యపు గదిలో చీకటి. మల్లినాథం తలుపును లాగుతాడు. రాదు. ఇంకా గట్టిగా లాగుతాడు. రాదు. ఎవరో కక్షతో తాళం వేశారని నిశ్చయించుకుంటాడు. కేకేద్దామంటే, పెద్దల్లుడు వడ్ల గదిలో ఏం చేస్తున్నాడంటారని మొహమాటం. తన చావు తరువాత గొడుగు ఎవరికి చెందాలో వీలునామా చెప్పుకుంటాడు, వినడానికి బస్తాలు తప్ప ఎవరూ లేరు. పెళ్ళాం చెవుల కమ్మలు అడిగితే కొనలేదని ఏడుస్తాడు. ఇక చేసేదేమీ లేక, ‘ముందు కూర్చుందాం. భయం సంగతి తరువాత చూద్దాం’ అని తలుపుకు వీపు ఆనించి కూలబడతాడు. కూలబడగానే ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. తాళమూ లేదు, కక్షా లేదు. అది లాగే తలుపు కాదు, నెట్టే తలుపు! వెనక్కి వెల్లకిలా పడి, అరుగు మీద నుంచి ఊక కుప్పలో దొర్లి, సరిగ్గా ఎదుర్కోళ్ళకు వచ్చిన మగపెళ్ళివారి కాళ్ళ ముందు ఆగుతాడు. పెళ్ళికొడుకు మేనమామ, పెద్దల్లుడు సాష్టాంగపడి స్వాగతం చెబుతున్నాడనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని లేవదీసి, పక్కన కూర్చోబెట్టుకుని లడ్డూలు తినిపిస్తాడు.

నేను ఆ వెల్లకిలా పడే చోటు చదివేసరికి అవ్వ నవ్వింది. అంత నొప్పిలో, అంత భయంలో పక్కున నవ్వింది. “నవ్వకే, నవ్వకు!” అని మైసమ్మ అరుస్తున్నది. నువ్వు అప్పుడే వచ్చావు.

పిడికెడంతనే ఉన్నావు. ఏడుపు పిల్లికూనలా ఉన్నది. వెచ్చగా పెట్టకపోతే దక్కదన్నది మైసమ్మ. ఇంట్లో బట్టలన్నీ చెమ్మ. బాపు ఒక్క క్షణం ఆలోచించలేదు. నా చేతిలో పత్రిక లాక్కుని చింపి, దూది మీద కాగితాలు పొరలు పొరలుగా చుట్టి, దాని మీద తన పొడి ధోవతి చుట్టి, నిప్పుల కుంపటి పక్కన అవ్వ రొమ్ముకు ఆనించాడు. కాగితం వేడి నిలుపుతుందని ఎక్కడో చదివాడట. నువ్వు తడిపినప్పుడల్లా ఇంకో పేజీ. అట్లా రెండు రోజుల్లో ఆ వారమంతా అయిపోయింది. గోపాలం సారు రాసినదాని మీద నువ్వు చేసిన పని సారుకు తెలియకపోవడమే మంచిది.

నెల రోజులు నిన్ను అవ్వ ఒంటి మీద నుంచి దించలేదు. నిలవని పిల్ల అని ఎవరూ అనకూడదని, ఆ రోజు పేరెత్తితే దిష్టి తగులుతుందని మా అందరితో ఒట్లు వేయించింది.

ముప్పై ఒకటి మనింట్లో పోయిన వారం కాదమ్మా. నువ్వు వచ్చిన వారం. డాక్టరమ్మకు ఇదంతా చెప్పు, దాచకు. ఆదివారం వస్తున్నాను.

నీ వనిత అక్క.


మెహిదీపట్నం, దవాఖాన,
19-8-2000.

అక్కా,

పెన్సిలుతో పడుకుని రాస్తున్నాను, అక్షరాలు కొండలెక్కుతాయి. బుధవారమే, వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే కుర్మయ్య అన్న ఒక సొరకాయ లంచమిచ్చి వచ్చాడు. నీ ఉత్తరం నా చేతికిచ్చి, “గాయన ఎట్ల బయటపడ్డడో జర నాకు గూడ చెప్పు చెల్లెమ్మా, రైతుబజార్ల అందరు అడుగుతున్నరు” అని నిలబడ్డాడు.

మొదటి పేజీకి ఏడ్చాను. సందీప్ భయపడి నర్సును పిలిచాడు. మల్లినాథం వెల్లకిలా పడ్డచోట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. సందీప్ మళ్ళీ నర్సును పిలిచాడు. ఆమె రెండోసారి వచ్చి, “ఏడ్వకు, నవ్వకు, ఊకె పండు” అని తిట్టిపోయింది. అప్పటి మైసమ్మే మళ్ళీ పుట్టింది.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. కాగితాల సంగతి కూడా. రాసుకుని, “మీ నాన్నగారు తెలివైనవారు” అన్నది. బాపును ఎవరో పొగిడితే ఎన్నాళ్ళకు విన్నాను! ఆయన ఎలుక కన్నం కథ నా కోసమే అల్లాడు కదూ. అవ్వ మీద కోపం రావాలి, రావడం లేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆమె నవ్వు ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుంటున్నాను.

నొప్పి మధ్యమధ్య వస్తున్నది. వచ్చినప్పుడల్లా భయం వేస్తున్నది, అది దాచను. సందీప్ ఇప్పుడు ఇంటర్నెట్ కాగితాలు తేవడం మానేశాడు. నీ ఉత్తరమే చదివి వినిపిస్తున్నాడు, ముప్పై ఒకటో వారం వరకు వచ్చి మళ్ళీ మొదటికి పోతాడు. నాకు పదహారు నెలల వయసు తగ్గిందని, తన కంటే మరీ చిన్నదాన్నయ్యానని తెగ గొప్పలు.

రేపు వచ్చేటప్పుడు ముప్పై మూడు తీసుకురా. ముప్పై నాలుగు కూడా. ఎట్లా తీశావో చెప్పినా ఫరవాలేదు.

నవంబరులో పుట్టిన నీ చెల్లెలు,
అశ్విని.


మెహిదీపట్నం, దవాఖాన,
9-9-2000.

అక్కా,

నువ్వు మీ అత్తమ్మ దగ్గరికి పోయిన పొద్దుటే నొప్పులు మళ్ళీ వచ్చి, ఈసారి ఆగలేదు. బుధవారం మధ్యాహ్నం కుట్టు విప్పారు. పాప పుట్టింది. ఫోనులో సందీప్ ఏడుపు తప్ప నీకేమీ వినపడలేదట కదా, అందుకే వివరంగా రాస్తున్నాను. కిలో తొమ్మిది వందల గ్రాములు. అద్దాల పెట్టెలో ఉన్నది. నిన్నటి నుంచి ఊపిరి తనే తీసుకుంటున్నది, ఆక్సిజన్ తీసేశారు. ఇంకో పది రోజులు చూడాలన్నారు. నేను రోజుకు రెండుసార్లు పోయి అద్దంలోంచి చూస్తున్నాను. ముక్కు అవ్వదే.

ముప్పై నాలుగో వారం పేజీలు పెట్టె కింద పెడతానంటే నర్సు ఒప్పుకోలేదు. నా దిండు కింద పెట్టుకున్నాను. ఇంకా నాలుగు వారాల కథ మిగిలింది. అది పాపకు వినిపిస్తాను. తరువాత పేజీలన్నీ నీకు ఇస్తాను. ముప్పై, ముప్పై రెండుల మధ్య నీ ఉత్తరం పెట్టి, బాపు దబ్బనంతోనే కుట్టు. నా కుట్టు విప్పారు కాబట్టి ఇప్పుడు ఆ కుట్టు గట్టిగా వెయ్యి.

ఇందాక పుట్టిన తేదీ ఫారం తెచ్చారు. జూలై ఒకటి రాసుకో, బడిలో వేసేటప్పుడు పనికొస్తుందని పక్క మంచం ముసలమ్మ సలహా ఇచ్చింది. సందీప్ పెన్ను పట్టుకుని నా మొహం చూశాడు. ఆరో తారీకు సెప్టెంబరు, ఏ రోజు పుట్టిందో అదే రాయమన్నాను. కింద తల్లి పుట్టిన తేదీ అని ఇంకో గడి ఉన్నది. అప్పుడు పెన్ను నేను తీసుకుని, 5-11-1976 అని నా చేత్తో రాశాను.

అశ్విని.